పెట్రోలు నిండుకున్నది

టప్. టప్. నలభై ఏండ్లు మగ్గం గుంతల కూసున్నోని చెవి ఇది, లెక్కపెట్టకు అంటే ఊకుంటదా, నాడె ఈ అంచుకెల్లి ఆ అంచుకు పోయొచ్చినంత సేపట్ల రెండు చుక్కలు, బండి కుడి దిక్కు వెనక చక్రం లోపలికెల్లి కారి మొరం మీద పడుతున్నయ్, పడంగనే ఆరిపోతున్నయ్, వాసన ఒక్కటే ఆరుతలేదు. పెట్రోలు వాసన. నా అంగికి, నా మీసాలకు, ఆఖరికి నేను మింగే ఉమ్మికి గూడ అదే వాసన. వనపర్తి దాటినం, గోపాల్‌పేట దాటినం, ఊరు లేని జాగల, షటరేసిన పంచరు దుకాణం పక్కన నిలబడ్డం. టైం పదీ పది. పన్నెండు లోపల నాగర్‌కర్నూల్ల మా చెల్లె స్వరూప ఒడి నింపాలె, పన్నెండు దాటితే మంచి గడియ పోతదని పంతులు చెప్పిండంట, దాని ఒళ్లె పొయ్యాల్సిన ఒడిబియ్యం నా కాడున్నయ్, నేను ఈడున్న. ఆరేండ్ల సంది నాతోని మాట్లాడని చెల్లె. అమ్మ పాయె, నాయిన పాయె, పుట్టింటి దిక్కుకెల్లి దానికి మిగిలింది నేనొక్కన్నే. కొత్తింట్ల అత్తగారి చుట్టాలందరు కూసొని ఉంటరు, ఏదమ్మా మీ అన్న అని ఎవరో ఒకరు అడగనే అడుగుతరు, అడగకుంటే వాళ్లు చుట్టాలే కాదు, అప్పుడు దాని మొఖం ఎట్లయితదో నాకు ఈడికెల్లి కనబడుతుంది. టప్.

భాగ్యమ్మ, నా పెండ్లాం, ఇరవై అడుగుల దూరంల కానుగ చెట్టు నీడకు కూసుంది, ఒళ్లె బియ్యం మూట, మూట మీద చీర, చీర మీద రెండు చేతులు. వాసన ముందుగాల పసిగట్టింది ఆమెనే. "ఏందయ్యా, ఏదో ఘాటు వాసనొస్తుంది" అన్నది. నేనేమన్న? "చేన్లకు మందు కొడుతుండ్రు, అద్దం ఎక్కియ్" అన్న. వైశాఖంల చేన్లకు మందేంది, చేన్లల్ల దుమ్ము తప్ప ఏమున్నది, అయినా నా నోటికి ఏదొస్తే అది అనుడే కద మొదటి సంది. ఆమె అద్దం ఎక్కిచ్చింది, అద్దం ఎక్కిస్తే వాసన రెండింతలాయె, కండ్లు మండినయ్, అప్పుడు ఆపిన. దిగి వంగి చూస్తే చుక్కలు. నేనింకా చక్రం కింద తల పెట్టి చూస్తనే ఉన్న, ఆమె అప్పటికే డిక్కి తెరిసి బియ్యం, చీర, కుడుకలు, వాళ్ల కొల్లాపూర్ తోటలకెల్లి తెచ్చిన మామిడిపండ్ల బుట్ట అన్ని గుంజుకొని చెట్టు కిందికి ఉరికింది. "బియ్యానికి వాసన పడితే ఎట్లయ్యా, పెట్రోలు బియ్యం పోస్తవా ఆడబిడ్డ ఒళ్లె" అని ఉరుక్కుంటనే తిట్టింది. మూట ముడి విప్పి ముక్కు కాడ పెట్టుకొని కండ్లు మూసుకొని వాసన చూసింది, నేను ఊపిరి బిగబట్టుకొని నిలబడ్డ, దవాఖానల డాక్టరు ముందర నిలబడ్డట్టు. "పట్టలే. పసుపు వాసననే ఉంది" అన్నది. ఆ ఒక్క మాటకు నా పానం జర కుదుటపడింది. అప్పటి సంది మూట ఒళ్లెకెల్లి దించలే, ఒడిబియ్యం నేల మీద పెట్టగూడదని.

ఇదంత నేను చేసుకున్నదే, ఎవరిని అని ఏం లాభం. పొద్దుగాల గద్వాల్ల బయలెల్లేటప్పుడు భాగ్యమ్మ నా ఎదురుంగ నిలబడి ఏలు చూపిచ్చి మరీ చెప్పింది, "ఇవి దాని ఒళ్లె పడేదాక నీ నోట్లకెల్లి ఆ మాట రావొద్దు. ఛాయ్ పోసేకాడ అనొద్దు, అన్నం కాడ అనొద్దు, యాడ అనొద్దు. జర యాదుంచుకో." ఆ మాట అంటే ఏదో బూతు అనుకునేరు, కాదు. రెండక్షరాలు. విస్తరి ముందర కూసున్నోడు, వడ్డిచ్చేటోళ్లు ఇంకో గంటె ఎయ్యబోతే, చెయ్యి అడ్డం పెట్టి అనే మాట. దినానికి ఇరవై సార్లు అందరం అనేదే. ఒక్క ఒడిబియ్యం కాడ అనగూడదు, గంతే. పోసేటోళ్లు అనరు, పట్టేటోళ్లు అనరు, చుట్టు నిలబడి చూసేటోళ్లు గూడ అనరు, ఆడబిడ్డ ఒడికి హద్దు గీసినట్టయితదని. ఆరేండ్ల కింద నేను అన్న. అందుకే ఇయ్యాల మనసుల గూడ అనుకుంటలేను, దాని చుట్టు తిరిగి దాటుకుంట పోతున్న, తొవ్వల పాము కనబడితే పోయినట్టు.

వనపర్తిల బంకు కాడ ఆపితే, నీలం అంగి మీద సారమ్మ అని పేరు కుట్టిచ్చుకున్న పెద్దామె వచ్చింది. ఫుల్ చెయ్యమ్మా అన్న, శుభానికి పోతున్నం, సగం ట్యాంకుతోని ఏం పోతమని. పైపు పెట్టింది, గుర్రుమని పోయింది, టక్కుమని ఆగింది. ఆమె నా దిక్కు చూసి ఆ మాటనే చివర దీర్ఘం తీసి అడిగింది. ఆమెకేం తెల్సు పాపం, దినం అందరిని అడిగేదే. నేను నోరు తెరిసిన. మూసిన. ఆపు అనొచ్చు, బస్ అనొచ్చు, సరిపోయింది అనొచ్చు, తెలుగుల మాటలకు కరువా, కాని పక్కకెల్లి భాగ్యమ్మ నన్నే చూస్తుంది, ఆ ఒక్క మాటను లోపల తొక్కి పెడితే దాని చుట్టాలన్ని గూడ లోపలనే కూసున్నయ్, ఒక్కటి బయటికి రాదు. "పొయ్యమ్మా, ఇంక పట్టినంత పొయ్" అన్న. ఆమె ఇంకింత పోసింది, టక్కుమంది, మల్ల అదే అడిగింది. "పొయ్" అన్న. మూడోసారి మూతి కాడ పెట్రోలు తళతళ మెరుస్తుంటే ఆమెనే భయపడి పైపు గుంజి, "ఇంక జాగ లేదన్నా, నన్నేం చెయ్యమంటవ్" అన్నది. ఆమెకు దండం పెట్టాలె. ఆమె ఆపకుంటే నేను ఆ బంకు మొత్తం పోయిచ్చుకుందును. కొత్తింట్ల శుక్రవారమే పాలు పొంగిచ్చినరంట, పాలు పొంగి పొయ్యిల పడితే శుభం అంటరు, అందరు సంబురపడుతరు, పెట్రోలు పొంగితే మాత్రం ఇగో ఇట్ల రోడ్డు మీద నిలబడాలె.

షటరు మీద సున్నంతోని రాసిన నంబరు చూసి ఫోన్ కొడితే, ఎత్తినాయన గుసగుసల మాట్లాడిండు. "యేసయ్యను. ప్రార్థనల ఉన్న అన్నా, జర మెల్లగ చెప్పు." ఆదివారం కద, నాకు సోయి లేదు. చెప్పిన. వెనకకెల్లి పాట ఇనపడుతుంది, ఆ పాట నడుమనే ఆయన నన్ను అడుగుతుండు, ఎప్పుడు పోయిచ్చినవ్, మూతి దాకనా, ఎండల ఎంతసేపు వచ్చినవ్, మూతి యే దిక్కుంది, బండి యే దిక్కు ఒరిగుంది. చూస్తే మూతి కుడి దిక్కు, రోడ్డు దిగిన పల్లం గూడ కుడి దిక్కే. వెతికి వెతికి దాన్ని ఒరగబెట్టిన నేను. "ఇంజను ముట్టుకోకు, తాళం తీసి జేబుల ఏస్కో. బీడీలోళ్లను దగ్గరికి రానియ్యకు. ఒక్కనివే నూకకు, నడుము పడ్తది. ఆమెన్ కాంగనే వస్త" అని పెట్టేసిండు. ఏం పోయిందో చెప్పలే. గోపాల్‌పేట కాడ స్పీడ్ బ్రేకరు మీద దబ్బున దూకిచ్చిన, అప్పుడే కింద ఏదో తాకిన సప్పుడైంది, పెట్రోలు తొట్టి పగిలిందేమో, పైపు తెగిందేమో, నాకేం తెల్సు, బండి నేర్చుకొని రెండు నెలలు. క్లచ్చు, బ్రేకు తొందరగనే వచ్చినయ్, గుంతల కాళ్లు పెట్టి మగ్గం తొక్కినోనికి అదేమంత కష్టం. నిదానమే రాలే. నిదానం నాకు మగ్గం మీద ఉంటది, మగ్గం దిగితే ఉండదు. మగ్గం మీద ఒక్క పోగు తెగితే ఊపిరి బిగబట్టి ముడేస్త, మనిషి కాడ మాత్రం తెంపేస్త, తర్వాత ఆరేండ్లు ముడి యాడెయ్యాలెనో తెల్వక తిరుగుత.

ఆ మాట అన్న దినం మొగులు పట్టింది. అదే నా పాపం, ఆ మొగులు. బయట వాడకట్టుల పడుగు సాపి ఉంది, గంజి పెట్టి ఆరేసిన పడుగు, ఆరు చీరెలది, ఒక్క వాన పడితే పోగు పోగుకు అంటుకొని మొత్తం నాశనం. లోపల స్వరూప పీట మీద కూసుంది, కొంగు సాపింది, అమ్మ బియ్యం పోస్తుంది. అమ్మ చేతులు అప్పటికే వణుకుతుండె. దోసిలి నింపుతది, ఒళ్లెకు పొయ్యేలోపల సగం కింద పడుతది, "ఇది లెక్కకు రాదు బిడ్డా" అంటది, మల్ల ముంచుతది. ఐదు దోసిళ్లు పొయ్యాలె. అమ్మ లెక్కల రెండో, మూడో, నా లెక్కల పది దాటినయ్. నేను గడపల నిలబడి ఒక కన్ను మొగులు మీద, ఒక కన్ను అమ్మ చేతుల మీద. బావ అనంతయ్య, స్వరూప మొగుడు, ఆయన తరపోళ్లు నాలుగింటి బస్సుకు పోవాలని వాకిట్ల నిలబడ్డరు. ఉరిమింది. ఉరమంగనే నా నోట్లకెల్లి ఆ మాట ఎల్లింది, ఉట్టిగ గూడ కాదు, కసిరినట్టు, దాని తోకకు "తియ్యమ్మా, ఇంకెంతని పోస్తవ్" అని గూడ తగిలిచ్చి. అమ్మ దోసిలి గాలిల ఆగింది. ఇంటినిండ జనం చూస్తుండ్రు. స్వరూప తల ఎత్తి నన్ను చూడలే. పోసినంక ఆడబిడ్డ ఐదు దోసిళ్లు వెనకకు పెట్టి పోవాలె, పుట్టిల్లు ఖాళీ కావొద్దని, అది మా దిక్కు పద్ధతి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, అన్ని పద్ధతిగ తాంబాలంల పెట్టింది. తర్వాత ఆరో దోసిలి ముంచింది. లేసి వచ్చి, నా చేతులు పట్టి సాపిచ్చి, అండ్ల పోసింది.  పొయ్యి బస్సెక్కింది. ఆ వాన గూడ పడలే. ఒక్క చుక్క పడలే. మొగులు అట్లనే ధరూర్ దిక్కు పోయింది, పడుగు కమ్మగ ఆరింది, ఆరు చీరెలు మంచిగ నేసిన, ఒక్క చీర మీద గూడ నా మనసు లేదు.

ఆ రాత్రి అమ్మ ఆ ఆరో దోసిలి బియ్యమే వండి బెల్లమేసి నాకు తినబెట్టింది. "చెల్లె పెట్టింది, తిను" అన్నది. తిట్టలే. తిడితే బాగుండు. అమ్మ నోట్ల చెడ్డమాట రాకపోవు, ఇంట్ల బియ్యం ఒడిసినయ్ అని గూడ అనకపోవు, "నిండుకున్నయ్" అంటుండె. చిన్నప్పుడు నేను, స్వరూప నవ్వెటోళ్లం, డబ్బ తెరిసి చూస్తే అడుగు కనబడుతది, అమ్మ ఏమో నిండుకున్నయ్ అంటది. నూనె నిండుకుంది, ఉప్పు నిండుకుంది, దీపంల చమురు నిండుకుంది. స్వరూప బడిల పంతులు ముందర గూడ "సారూ, నా పెన్నుల సిరా నిండుకున్నది" అని, మరి ఇంకేం, రాయి అని ఆయన కట్టె తీసుకుంటే, ఏడ్చుకుంట ఇంటికొచ్చింది. నేను పోయి పంతులుతోని కొట్లాడొచ్చిన. అప్పుడు నాకు పదమూడేండ్లు, దానికి ఏడు. దాని కోసం కొట్లాడినోన్నే నేను, ఎవరన్న దాన్ని ఒక మాటంటే ఊకునేటోన్ని కాను, ఆఖరికి ఆ మాట అన్నది నేనే. నాలుగు నెలలకు అమ్మ పాయె. స్వరూప వచ్చింది, ఏడ్చింది, అమ్మ కాళ్ల కాడ కూసుంది, మా ఇంట్ల మంచినీళ్లు ముట్టలే. ఏడాదికి నాయిన పోయినప్పుడు గూడ అంతే. ఒక్క పండుగకు రాలే. నేను పోలే. నాకు మొఖం లేక పోలే, దానికి మనసు ఇరిగి రాలే, నడుమ గద్వాలకు నాగర్‌కర్నూలుకు ఎంతని, అమెరికానా, పొద్దున ఎల్తే పొద్దెక్కేసరికి పోతం.

పోయిన నెల అనంతయ్య బావ ఒక్కడే వచ్చిండు, కొత్తింటి కార్డు పట్టుకొని. నేను మగ్గం దిగి నిలబడ్డ. ఆయన మగ్గం మీది చీర అంచు ఏలితోని తడుముకుంట, నా దిక్కు చూడకుండనే అన్నడు, "ఆమె పిలువు అనలే, వద్దు అని గూడ అనలే బావా. కాని ఒడి నింపేకాడ పీట ఎయ్యమన్నది. పుట్టింటోళ్లు రాకుంటే పీట ఎవరికి?" ఆయన పోయినంక నేను మల్ల మగ్గమెక్కలే, గుంతల కాళ్లు పెట్టుకొని అట్లనే కూసున్న, పొద్దుమూకిన సంగతి గూడ తెల్వదు. తెల్లారి నడుస్తున్న చీర పక్కన పెట్టి కొత్త పడుగు ఎక్కిచ్చినం. బొప్పాయి పండు రంగు నూలు, నెమలికంఠం పట్టంచు. నూలును పట్టును అంచు కాడ పోగు పోగుకు కలపాలె, ఒక దిక్కు నేను, ఒక దిక్కు భాగ్యమ్మ కూసొని నేసినం. ఒక పొద్దు అంచు కాడ రెండు పోగులు తప్పినయ్, జానెడు ఇప్పేసి మల్ల నేసిన, అయ్యో ఎవరికి కనబడుతది అన్నది భాగ్యమ్మ. స్వరూపకు కనబడుతది, అది గుంత కాడ కూసొని నా మగ్గం చూసుకుంట పెరిగిన పిల్ల, కండె చుట్టి ఇచ్చిన పిల్ల, చీర చేతిల పడంగనే ముందుగాల అంచు తిరగేసి చూస్తది. చూడాలె. ఇయ్యాల చూడాలె. టప్.

"ఫోనన్న చెయ్యి దానికి, ఎదురుచూస్తుంటది" అన్న. "నువ్వు చెయ్యరాదూ" అన్నది భాగ్యమ్మ. నేను చెట్టు దిక్కు చూసిన, రోడ్డు దిక్కు చూసిన. ఆమె నన్ను ఒక చూపు చూసి, తనే కలిపింది. "స్వరూపా, నేను, వదినెను… ఆఁ, వస్తున్నం తల్లీ… గోపాల్‌పేట దాటినంక… పెట్రోలు నిండుకొని బండి ఆపినం… ఆఁ, నిండుకున్నది… అలో… అలో…" ఫోన్ చెవికెల్లి తీసి చూసింది. ఏమన్నది అంటే, యాడున్నరు అన్నది, తర్వాత ఇనపడలే అన్నది. మల్ల కలిపింది. మోగింది, మోగింది, ఎత్తలే. ఇంకోసారి. ఎత్తలే. అయిపాయె.  సాకు అనుకుంది. అనుకోదా మరి, ఆరేండ్ల తర్వాత, ముహూర్తం గంట ముందర, బండిల పెట్రోలు కథ చెప్తే నేనైనా సాకే అనుకుంట. మా అన్న మారలే, అప్పుడు మొగులు, ఇప్పుడు పెట్రోలు అనుకుంటది. పీట తీసెయ్యమంటది. స్వరూపా, పీట తియ్యకే, జర ఆగే, నీకు దండం పెడుత, వస్తున్న, నడిసన్న వస్త, మూట నెత్తిన పెట్టుకొని వస్త. నిజంగనే లేసి నిలబడ్డ. "యాడికి?" అన్నది భాగ్యమ్మ. ఇరవై కిలోమీటర్లు. కూసున్న.

యేసయ్య వచ్చేసరికి పదకొండు అయితుంది. అరవై ఏండ్లుంటయ్, ఇస్త్రీ మడత నలగని తెల్లంగి, చేతిల సంచి. అంగి చేతులు మడిసి, ముందుగాల ముక్కుతోని చూసిండు, తర్వాత వంగి కండ్లతోని, తర్వాత ఏలితోని. తొట్టి అడుగు అంత తడిమిండు, పొడి. మూతి కాడికెల్లి కిందికొచ్చే పైపు పొంటి తడి. "మూతి మెల్లగ తియ్యాలె" అన్నడు, తిప్పితే బుస్సుమంది, బుసకు నేను రెండడుగులు వెనకకేసిన. దొడ్డు గుడ్డతోని అంత తుడిసిండు. ఇద్దరం నూకినం, దుకాణం ముందర చదునుకు. కింద అట్టముక్క పరిసి, "చూడు ఇప్పుడు" అని గట్టు మీద కూసున్నడు. నేను అట్ట దిక్కు చూస్తున్న. ఒక చుక్క పడింది. శానాసేపటికి ఇంకోటి. తర్వాత నేను నా మనసుల ముప్పై పోగులు ఏసిన, నలభై ఏసిన, అట్ట పొడిగనే ఉంది. "ఏం పోలే అన్నా" అన్నడు యేసయ్య. "తొట్టి పగల్లే, పైపు తెగలే. ఎక్కువైంది, గంతే. భూమిల ఉన్నంత సేపు పెట్రోలు సల్లగుంటది, నీ బండికొచ్చి ఎండకు పొంగుతది, పొంగితే యాడికి పోవాలె? బంకుల పైపు టక్కుమన్నంక ఆ మీద జాగ మనది కాదు, గాలిది. గాలి జాగల నువ్వు పెట్రోలు పోసినవ్. ఇంక మీద టక్కుమనంగనే ఆపమను." సంచిలకెల్లి సన్నపైపు, రబ్బరు బుడ్డ తీసి, మూతిల పెట్టి పిసుక్కుంట పైకున్నది డబ్బలకు తీస్తుండు. "రెండు లీటర్లు వెనకకు తీస్తే జర సల్లబడుతది, తర్వాత నిమ్మళంగ పోవొచ్చు." వెనకకు అనంగనే నాకు తాంబాలంల ఐదు దోసిళ్లు కండ్లముందర తిరిగినయ్. ఏం పోలే, పగల్లే, తెగలే. ఇంకోసారి అనరాదూ అందామనుకున్న. పగల్లే అంటే బండి సంగతేనని తెల్సు, అయినా కండ్లల్ల నీళ్లొచ్చినయ్, పెట్రోలు ఘాటుకు అన్నట్టు తుడుసుకున్న.

అప్పుడు నాగర్‌కర్నూలు దిక్కుకెల్లి మోటరు సైకిలు వచ్చింది. అనంతయ్య బావ నడుపుతుండు, వెనక స్వరూప. కొత్త చీర, పసుపు కాళ్లు, తలనిండ పూలు, ఒళ్లె రెండు చేతులతోని పట్టుకొని ఐదు లీటర్ల నూనె డబ్బ, మూతికి గుడ్డ కుక్కి. డబ్బనిండ పెట్రోలు. ఇయ్యాల బియ్యం పొయ్యాల్సిన ఒళ్లె పెట్రోలు డబ్బ పెట్టుకొని వచ్చింది మా చెల్లె. బండి దిగింది, డబ్బ ఒళ్లెకెల్లి తీసి నాకు సాపింది, నా మొఖం చూడకుండనే, "ఇగో, పోస్కో" అన్నది.

యేసయ్య రబ్బరు బుడ్డ పిసుకుడు ఆపి, తన డబ్బ చూసిండు, ఆమె డబ్బ చూసిండు. "నేను తీస్తుంటే మీరు తెస్తుండ్రేందమ్మా?"

"పెట్రోలు నిండుకున్నది అన్నది కద వదినె!"

భాగ్యమ్మకు నవ్వాగలే, మూట గట్టిగ పట్టుకొని కడుపు కదిలేటట్టు నవ్వింది. "నిండుకున్నదంటే నిండింది అని తల్లీ! మూతి దాక నిండి కారిపోతుంది అని!"

"మా అమ్మ ఒడిసిపోతేనే కద నిండుకున్నది అంటుండె" అన్నది స్వరూప, అని ఆగిపోయింది. అమ్మ పేరు వచ్చేసరికి నేను, అది ఒకేసారి ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. బావ పక్కకెల్లి, "నేనొక్కన్ని పోతనంటే ఇనలే బావా, పీట మీది మనిషి లేసి వచ్చింది, మా అన్న ఎండల నిలబడ్డడు అని" అన్నడు. దాని జుట్టుల రెండు తెల్లెంటికలు. ఎప్పుడొచ్చినయ్. నేను లేనప్పుడు వచ్చినయ్.

"మూతి దాక ఎందుకు పోయిచ్చినవ్?" అన్నది. ఆరేండ్ల తర్వాత నా మొఖం చూసి అన్న మొదటి మాట అది, అండ్ల గూడ చిన్నప్పటి తిట్టే ఉంది. "పోసేటామె అడగలేదా?"

"అడిగింది."

"మరి?"

"మూడుసార్లు అడిగింది స్వరూపా. బండిల నీ ఒడిబియ్యం ఉండె. నాకు నోరు రాలే."

 డబ్బ ఇంకా దాని చేతులనే ఉంది, నేను పట్టుకోలే. ఆ మాట సంగతి యేసయ్యకు తెల్వదు, ఆయనకు ఇది ఉట్టి పెట్రోలు కథనే, దానికి మాత్రం తెల్సు. దాని గదువ వణికింది, అమ్మ చెయ్యి వణికినట్టే. నాకింక ఆగలే. "ఆ దినం పడుగు బయటుండె చెల్లె, మొగులుండె, ఆ వాన గూడ పడలేదే, ఒక్క చుక్క పడలే, ఉట్టిపుణ్యానికి అన్న నిన్ను, అమ్మ చేతులు వణుకుతుంటే ఆపిన, అమ్మ ఇంక ఎన్ని దోసిళ్లు పోస్తుండెనో నీకు, నేను ఆపిన, నువ్వు పోసిన బియ్యం అమ్మ నాకే తినబెట్టింది, గొంతు దిగలే, తప్పయింది, ఎట్ల అడగాలెనో తెల్వలే, ఫోన్ తీసుడు పెట్టుడు, తీసుడు పెట్టుడు, ఆరేండ్లు…" అంటనే ఉన్న, ముక్కు కారుతుంది, కండ్లు కారుతున్నయ్, ఏమంటున్ననో నాకే తెలుస్తలేదు, ఎవరు ఆపుతరో గూడ తెలుస్తలేదు.

స్వరూప డబ్బ కింద పెట్టింది. విస్తరి మీద పెట్టినట్టు, నా నోటి ముందర చెయ్యి అడ్డం పెట్టింది, పెట్రోలు వాసనొచ్చే చెయ్యి.

"చాలన్నా" అన్నది.

భాగ్యమ్మ గభాల్న మూట మీద కొంగు కప్పింది, బియ్యానికి ఇనపడకుండ.